కుక్క అదే, యజమానులే వేరు: ‘వీనర్ డాగ్’ చూసినవాళ్లు ఎందుకు ఇబ్బంది పడతారు?

క్లుప్తంగా: 2016లో వచ్చిన అమెరికన్ డార్క్ కామెడీ ‘వీనర్ డాగ్’లో ఒక పెంపుడు కుక్క నాలుగు కథల్లో చేతులు మారుతుంది. పోస్టర్ మీద పొట్టి కాళ్ల కుక్కను చూసి పిల్లలతో కలిసి కూర్చున్నవాళ్లకు చివర్లో గట్టి దెబ్బే తగులుతుంది. ఈ సినిమా పరీక్ష పెట్టేది కుక్క విశ్వాసానికి కాదు, దాన్ని తెచ్చుకున్న మనుషులకు. మహారాష్ట్రలోని నాందేడ్ సరిహద్దు తాలూకాల తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది. అక్కడ కుక్క కథలు నడిచే తీరే వేరు. పైగా వీధిలో తిరిగే కుక్కకు అన్నం పెట్టేవాళ్లు ఉంటారు తప్ప యజమాని అంటూ ఒకరు ఉండరు.

తికమక ఎక్కడ మొదలవుతుంది

ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో కొత్త సినిమా చూడాలంటే రైలెక్కి బాసర మీదుగా గోదావరి దాటి నిజామాబాద్‌లో దిగడం పాత అలవాటు. కుదరకపోతే ఊళ్లో ఆడే హిందీ, మరాఠీ సినిమాలతో సరిపెట్టుకునేవారు. ఫోన్లోకి ఓటీటీ వచ్చాక దూరం సమస్య తీరిపోయింది. కానీ ముందుగా చూసొచ్చి ‘అది పిల్లలు చూసేది కాదు’ అని చెప్పే మనిషి లేకుండా పోయాడు. తెర మీద చిన్న చతురస్రంలో కుక్క బొమ్మ, కింద ‘కామెడీ’ అన్న ఒక్క మాట. చూద్దామా వద్దా అన్నది దాన్ని బట్టే తేల్చుకోవాలి.

మరాఠీ మీడియం చదివే పిల్లలు, తెలుగు తప్ప ఇంకో భాషలో సినిమా చూడని నానమ్మ, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. పెద్దమ్మాయి సబ్‌టైటిళ్లు చదివి అర్థం చెప్తుంటుంది. మొదటి పావుగంట బాగానే గడుస్తుంది. ఆ తర్వాత ‘ఇందులో నవ్వేదేముందే?’ అని నానమ్మ అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ ప్రశ్న న్యాయమైనది. డార్క్ కామెడీ అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తాం గానీ, అందులో నవ్వు దేని నుంచి వస్తుందో విడమరిచి చెప్పడం తక్కువ.

నాలుగు ఇళ్లు, ఒక కుక్క

ఈ సినిమా రాసి తీసినవాడు టాడ్ సొలాండ్జ్. 2016 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదట ప్రదర్శించారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా థియేటర్లలో విడుదలైంది. నిడివి గంటన్నర. అందులోని కుక్క డాష్‌హుండ్ జాతిది. బొరియల్లో దాక్కునే జంతువులను వేటాడటానికి జర్మనీలో పెంచిన జాతి. పొడవాటి నడుము, కురచ కాళ్లు. చూడగానే నవ్వొచ్చే ఆ ఆకారాన్ని దర్శకుడు కావాలనే ఎంచుకున్నాడు.

మొదటి ఇల్లు రెమీ అనే పిల్లవాడిది. కేన్సర్ నుంచి కోలుకుంటున్న కొడుకు కోసం తండ్రి కుక్కను తెస్తాడు. తల్లికి అది ఇష్టం ఉండదు. అమ్మానాన్నలు లేని సమయంలో పిల్లవాడు దానికి గ్రనోలా బార్ (ఓట్లు, గింజలు కలిపి చేసే చిరుతిండి) తినిపిస్తాడు. కుక్కకు కడుపు పాడవుతుంది. ఆ అవస్థ చూడలేక, ఇల్లు కడగలేక, దాన్ని సూదితో చంపించేయడానికి పెద్దవాళ్లు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ పనిచేసే డాన్ వీనర్ అనే యువతి దాన్ని దొంగచాటుగా తనతో తెచ్చేసుకుని బతికిస్తుంది. ఆమె, పాత స్కూల్ పరిచయస్థుడు బ్రాండన్, కుక్క కలిసి కారులో ఒహాయో వెళ్తారు. అక్కడ బ్రాండన్‌కు డౌన్ సిండ్రోమ్ ఉన్న తమ్ముడు ఉంటాడు. అతనికి, అతని భార్యకు డాన్ ఆ కుక్కను ఇచ్చేస్తుంది. నాలుగిళ్లలో మనసున్న ఇల్లు ఇదొక్కటే అనిపిస్తుంది.

మధ్యలో నిజంగానే ఇంటర్వెల్ ఉంటుంది. రంగురంగుల అమెరికా దృశ్యాల ముందు కుక్క నడుచుకుంటూ పోతుంటే వెనకాల ఒక పాట. ఇంటర్వెల్‌కు అలవాటుపడ్డ మన ప్రేక్షకుడికి ఇది వింతగా ఉండదు గానీ, అమెరికాలో ఎప్పుడో వదిలేసిన పద్ధతి అది.

తర్వాత కుక్క డేవ్ ష్మెర్జ్ అనే వయసు మళ్లిన సినిమా పాఠాల మాస్టారి దగ్గర కనిపిస్తుంది. అక్కడికి ఎలా చేరిందో సినిమా చెప్పదు. విద్యార్థులు లెక్కచేయక, రాసిన స్క్రిప్టును కొనేవాడు లేక ఆయన కుమిలిపోతుంటాడు. చివరికి కుక్కకు బాంబు కట్టి వదులుతాడు. నాలుగో చోట కుక్క ఒక ముసలావిడ దగ్గర ఉంటుంది. మనవరాలు వస్తుంది, కుర్ర ఆర్టిస్టు ప్రియుడికి డబ్బు కావాలంటుంది, చెక్కు తీసుకుని పోతుంది. ముసలావిడ కునుకు తీసినప్పుడు, తాను కాగలిగి కాలేకపోయిన మనుషులంతా చిన్నపిల్లల రూపంలో వచ్చి పలకరిస్తారు. ఆమె కళ్లు తెరిచేసరికి కుక్క రోడ్డు మీదికి వెళ్లిపోయి ఉంటుంది.

ముసలావిడగా ఎలెన్ బర్స్టిన్, మాస్టారిగా డానీ డెవిటో, డాన్‌గా గ్రెటా గర్విగ్, పిల్లవాడి తల్లిగా జూలీ డెల్పీ నటించారు. డాన్ వీనర్ పాత్ర సొలాండ్జ్ 1995 నాటి ‘వెల్‌కమ్ టు ది డాల్‌హౌస్’లోది. 2004లో ‘పాలిండ్రోమ్స్’ అనే మరో సినిమాలో ఆమె చనిపోయినట్టు చూపించిన దర్శకుడే ఇక్కడ మళ్లీ బతికించాడు. పాత సినిమాలు చూడనివాళ్లకు దీనివల్ల కలిగే నష్టమేమీ లేదు.

నవ్వు ఎలా పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది

నాలుగు కథల్లోనూ పని జరిగే తీరు ఒకటే. ఎవరికో ఏదో లోటు ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కుక్కను తెచ్చుకుంటారు. కుక్క మాత్రం కుక్కలాగే ఉంటుంది: తింటుంది, పడుకుంటుంది, ఎవరు లాగితే వాళ్ల వెనక నడుస్తుంది. తాము కోరుకున్న ఓదార్పు దొరక్క యజమాని అసలు రంగు బయటపెట్టుకుంటాడు. పిల్లవాడి తండ్రికి కొడుకును నవ్వించే వస్తువు కావాలి. మాస్టారికి తనను పట్టించుకోని లోకం మీద విసరడానికి ఏదో ఒకటి కావాలి. ముసలావిడ దానికి ‘కేన్సర్’ అని పేరు పెట్టుకుంటుంది. మొదటి ఇంట్లో పిల్లవాడి నుంచి తరిమిన జబ్బు పేరే చివరి ఇంట్లో కుక్క పేరైంది. ఈ లంకెను ఎవరూ నోటితో చెప్పరు, గమనించినవాళ్లకు మాత్రం గుండె చివుక్కుమంటుంది.

నవ్వు పుట్టే మొదటి చోటు మాటలకీ పరిస్థితికీ మధ్య ఉన్న ఎడం. కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు చేయించాలో తల్లి కొడుక్కి వివరించే సన్నివేశం చూడాలి. పిల్లవాడికి అక్కర్లేనంత భయంకరమైన కథను ఆమె మంచి బుద్ధులు చెప్పే గొంతుతో చెప్పుకుపోతుంది. ఆ కథలో కుక్క గురించిన నిజం కన్నా ఆమె సొంత భయాలు, పరాయివాళ్ల మీద ఆమెకున్న చిన్నచూపు ఎక్కువగా బయటపడతాయి. పిల్లవాడు నోరు మెదపకుండా వింటాడు. కెమెరా కూడా కదలదు. పెద్దవాళ్లు పిల్లలకు అబద్ధాలు ఎంత శ్రద్ధగా చెప్తారో తెలిసిన ఎవరికైనా ఇక్కడ నవ్వొస్తుంది. నవ్విన మరుక్షణం ఆ పిల్లవాడి ముఖం కనిపించి నవ్వు ఆగిపోతుంది.

రెండోది సమయం. కుక్కకు కడుపు పాడైనప్పుడు కెమెరా నేల మీది విరేచనం పక్కనే మెల్లగా జరుగుతూ పోతుంది. వెనకాల ఫ్రెంచి సంగీతకారుడు డెబ్యుసీ ‘క్లేర్ ద లూన్’ పియానో వాయిద్యం. మొదటి కొన్ని క్షణాలు ఛీ అనిపిస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది. షాట్ ఇంకా ఆగదు. అప్పటికి ఈ కుక్క నిజంగా జబ్బుపడింది కదా అన్న సంగతి తలకెక్కుతుంది. మామూలు హాస్య సినిమాలో ఎడిటర్ నవ్వు దగ్గరే షాట్ కోసేస్తాడు. ఇక్కడ నవ్వు దాటిపోయేదాకా ఉంచడమే పద్ధతి. ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ లాక్‌మన్ దాన్ని అందంగా, శుభ్రంగా తీశాడు కాబట్టి తప్పించుకోవడానికి చోటు ఉండదు.

మూడోది చివరి సన్నివేశం. రోడ్డు మీదికి వెళ్లిన కుక్కను ఒక వాహనం తొక్కేస్తుంది. సినిమా అక్కడ చూపు తిప్పుకోదు. ఇంకో వాహనం, ఆ తర్వాత మరొకటి దాని మీదుగా పోతూనే ఉంటాయి. తెర మీద ఉన్నది నిజమైన కుక్క కాదని తెలిసినా చూడటం కష్టం. ఆపైన కొంతకాలం గడిచాక, ముసలావిడ చెక్కు అందుకున్న ఆ కుర్ర ఆర్టిస్టు చచ్చిన కుక్కను స్టఫ్ చేయించి, లోపల యంత్రం పెట్టి, గ్యాలరీలో కళాఖండంగా నిలబెడతాడు. అది తల తిప్పుతుంది, మొరుగుతుంది.

విడుదలైనప్పుడు విమర్శకుల అభిప్రాయాలు చీలింది ఎక్కువగా ఈ ముగింపు మీదే. ప్రేక్షకుడిని హింసించడానికే తీశారన్నది ఒక వాదన. సినిమాను మొదటి నుంచి గమనిస్తే ఆ వాదన నిలవదు. అంతదాకా ప్రతి యజమానీ కుక్కను తన అవసరానికి వాడుకున్నాడు. చచ్చాక కూడా వాడుకునే ఐదో మనిషి వచ్చాడు, అంతే తేడా. యంత్రంతో మొరిగే ఆ బొమ్మ జబ్బుపడదు, ఇల్లు పాడుచేయదు. రెమీ తల్లిదండ్రులు మొదట్లో కోరుకున్న కుక్క సరిగ్గా అదే. సినిమాలో నిజంగా బలహీనమైన భాగం మూడోది. మాస్టారి కథలో కుక్క చాలాసేపు తెర మీద ఉన్నా లేనట్టే. బాంబు కట్టడానికి మాత్రమే దాన్ని అక్కడికి తెచ్చినట్టు అనిపిస్తుంది.

గాడిద చూపించిన దారి

చేతులు మారే జంతువు ద్వారా మనుషులను కొలవడం సొలాండ్జ్ కనిపెట్టింది కాదు. ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెస్సాన్ 1966లో తీసిన ‘ఓ హసార్ బాల్తజార్’లో ఒక గాడిద ఇలాగే ఒకరి నుంచి ఒకరికి పోతూ, బరువులు మోస్తూ, దెబ్బలు తింటూ చివరికి గొర్రెల మంద మధ్య ప్రాణం వదులుతుంది. పోలండ్ దర్శకుడు యెర్జీ స్కొలిమోవ్‌స్కీ 2022లో తీసిన ‘ఈఓ’ కూడా గాడిద ప్రయాణమే. దానికి కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. ఆ రెండింటిలోనూ జంతువు బాధను భక్తితో చూస్తాం. సొలాండ్జ్ ఆ చట్రాన్నే తీసుకుని భక్తిని పక్కన పెట్టాడు. గాడిద బరువు మోస్తుంది కాబట్టి దాని బాధ పైకి కనిపిస్తుంది. పెంపుడు కుక్క చేసే పనల్లా ఎవరో ఒకరికి తోడుగా ఉండటమే. అందుకని దాని మీద జరిగే అన్యాయం ప్రేమ పేరుతో జరుగుతుంది, పట్టుకోవడం కష్టం.

మన సినిమాల్లో కుక్క దారి ఇంకోలా సాగింది. 1985 నాటి హిందీ ‘తేరీ మెహర్‌బానియా’లో కుక్క యజమానిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటుంది. 2022లో కన్నడంతో పాటు తెలుగులోనూ వచ్చిన ‘777 చార్లీ’ ఏడిపించింది, ఆ ఏడుపులోనే ఊరటనూ ఇచ్చి ఇంటికి పంపింది. 2018 తమిళ చిత్రం ‘పరియేరుమ్ పెరుమాళ్’లో కరుప్పి అనే వేటకుక్కను రైలు పట్టాల మీద చంపుతారు. దాని చావు వెనక కులం ఉంది, చేసిన చేతులు ఉన్నాయి, కాబట్టి ప్రేక్షకుడి కోపానికి ఒక చిరునామా దొరుకుతుంది. ‘వీనర్ డాగ్’లో ఆ చిరునామా లేదు. ముసలావిడకు కునుకు పట్టింది, లారీవాళ్లు తమ దారిన పోతున్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలియని ప్రేక్షకుడు సినిమా తీసినవాడి మీద కోప్పడతాడు.

మాహూర్, మాళేగావ్, నర్సి

నాందేడ్ ప్రాంతం 1948 దాకా నిజాం ఏలుబడిలో, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. భాషా ప్రయుక్త విభజనలో మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. గీత అటు ఇటు మారినా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నచోటే ఉండిపోయాయి. వీళ్లకు తెలుగు కథలతో పాటు మరాఠీ భక్తి కథలూ పుట్టుకతో వచ్చినవే. ఆ కథల్లో కుక్కకు ఉన్న స్థానం దేశంలో చాలాచోట్ల కన్నా పెద్దది.

మాహూర్ గుట్టల మీద రేణుకాదేవి గుడితో పాటు దత్త శిఖరం ఉంది. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నుంచి తెలుగువాళ్లు ఏటా అక్కడికి వెళ్తారు. దత్తాత్రేయుడి పటంలో ఆయన కాళ్ల దగ్గర నాలుగు కుక్కలు ఉంటాయి. అవి నాలుగు వేదాలని చెప్తారు. లోహా తాలూకా మాళేగావ్‌లో మార్గశిరంలో ఖండోబా జాతర జరుగుతుంది. పశువుల సంతకు పేరున్న జాతర అది. ఖండోబా వెంట కుక్క ఉంటుంది. మణి, మల్ల రాక్షసుల యుద్ధంలో నెత్తురు నేల మీద పడకుండా నాకేసింది ఆ కుక్కేనని కథ. ఖండోబాకు మొక్కుకున్న వాఘ్యాలు స్వామి కుక్కలుగా తమను భావించుకుంటారు. తెలంగాణ వైపు ఆ దేవుడే మల్లన్న.

పక్కనున్న హింగోలి జిల్లా నర్సిని సంత్ నామదేవుడి ఊరుగా చెప్తారు. ఆయన కోసం చేసిన రొట్టెను కుక్క ఎత్తుకుపోతుంటే, ‘ఎండు రొట్టె గొంతుకు అడ్డం పడుతుంది, నెయ్యి రాస్తాను ఆగు స్వామీ’ అంటూ నేతి గిన్నె పట్టుకుని దాని వెంట పరుగెత్తాడని మరాఠ్వాడాలో పిల్లలకు చెప్తారు. భారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు, ఆ కుక్క యమధర్మరాజుగా మారుతుంది. ఇది తెలియని తెలుగు ఇల్లు ఉండదు.

ఈ కథలన్నిటిలోనూ మనిషికే పరీక్ష, కుక్కే పరీక్షాధికారి. ఆ మాటకొస్తే ‘వీనర్ డాగ్’లోనూ జరిగేది పరీక్షే. తేడా ఫలితం దగ్గర వస్తుంది. నామదేవుడు నెగ్గాడు, ధర్మరాజు నెగ్గాడు, కుక్క తన నిజరూపం చూపించింది, విన్నవాళ్లకు తృప్తి కలిగింది. సినిమాలో నలుగురిలో దాదాపు అందరూ తప్పుతారు, కుక్క మాత్రం ఏ రూపమూ దాల్చకుండా రోడ్డు మీద చచ్చిపోతుంది. ఎవరూ వచ్చి తీర్పు చెప్పరు. దేవుడి పక్కన కుక్కను చూసి పెరిగిన ప్రేక్షకుడు ఆ తీర్పు కోసం చివరిదాకా ఎదురుచూస్తాడు. నానమ్మ ప్రశ్న వెనక ఉన్నది ఆ ఎదురుచూపే. ఆమెకు సినిమా అర్థం కాక కాదు, మిగతావాళ్ల కన్నా ఎక్కువే అర్థమై అడిగిన ప్రశ్న అది.

అన్నం పెట్టేవాళ్లు ఉన్నారు, యజమాని లేడు

సరిహద్దు ప్రేక్షకుడికి అడ్డొచ్చే రెండో సంగతి భక్తికి సంబంధించింది కాదు, వీధికి సంబంధించింది. సినిమాలో కుక్క ఎప్పుడూ ఎవరో ఒకరిది. కొంటారు, దొంగిలిస్తారు, ఇస్తారు. ధర్మాబాద్ గల్లీలో కుక్క అలా బతకదు. పొద్దున ఒక గడప ముందు జొన్నరొట్టె ముక్క దొరుకుతుంది, మధ్యాహ్నం మటన్ దుకాణం దగ్గర పడుంటుంది, రాత్రి ఇంకో వాకిట్లో కాపలా కాస్తుంది. ఒక ఇంట్లో దాన్ని తెలుగులో పిలుస్తారు, పక్కింట్లో మరాఠీలో అదిలిస్తారు. అందరి మాటా దానికి అర్థమవుతుంది. అది పిల్లవాడిని కరిస్తే మాత్రం ‘మా కుక్క’ అనేవాళ్లు ఉండరు.

ఈ విషయంలో భయాన్ని తక్కువ చేయకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, టీకాల కోర్సు ఒక్క డోసు కూడా మానకుండా పూర్తి చేయాల్సిందే. ఇంట్లో ఒకసారి ఆ టెన్షన్ పడినవాళ్లకు తెర మీది కుక్క కూడా వేరేగా కనిపిస్తుంది.

చట్టం చాలాకాలంగా ఈ వీధి ఏర్పాటును అలాగే ఒప్పుకుంది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు చెప్పేది ఒకటే: వీధి కుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. కోలుకోలేని జబ్బు, ప్రాణాంతకమైన గాయం ఉన్నవాటికే డాక్టర్ చేతుల మీదుగా నొప్పి లేని చావు. కడుపు పాడైనందుకు రెమీ తల్లిదండ్రులు చేయబోయిన పని ఈ లెక్కలో పడదు. అయితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే. భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ జంతువును చంపితే ఐదేళ్ల దాకా శిక్ష వేయవచ్చంటుంది, కానీ ఆ సెక్షన్ ఉన్నది ఆస్తి నష్టం నేరాల మధ్యన. అంటే చట్టం కూడా కుక్కను ఎవరో ఒకరి సొత్తుగానే చూస్తూ వచ్చింది.

2025లో పరిస్థితి కదిలింది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవాటినీ, మీద పడి కరిచేవాటినీ మినహాయించి మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత వెనక్కి వదలొచ్చని చెప్పింది. తిండి మాత్రం కేటాయించిన చోటే పెట్టాలి. కావాలంటే దత్తత తీసుకోవచ్చు, తీసుకుంటే మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే. నవంబర్ 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసేయాలని, వాటిని తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశించింది.

ఈ ఆదేశాలు వెళ్తున్న దిశను సినిమాతో కలిపి చూడవచ్చు. రొట్టె ముక్క పడేసే మనిషిని యజమానిగా మార్చాలన్నది ఆ దిశ. ఊరుమ్మడిగా, ఎవరికీ బరువు కాకుండా నడిచే సంబంధం ఒకరి పేరు మీదికి వస్తుంది. ‘వీనర్ డాగ్’ చూపించిన ఇబ్బందులన్నీ మొదలయ్యేది ఒకరి పేరు మీదికి వచ్చాకే: జబ్బు చేస్తే ఖర్చెవరిది, విసుగు పుడితే ఏం చేయాలి, ఇంటావిడకు ఇష్టం లేకపోతే ఎటు పంపాలి. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటన చూసి పగ్ జాతి కుక్కల కోసం నగరాలు ఎగబడినప్పుడు ఈ ప్రశ్నలు మధ్యతరగతి ఇళ్లకు కొత్తగా ఎదురయ్యాయి. ఇప్పుడు అవి చిన్న ఊళ్ల గల్లీలకు వస్తున్నాయి.

ఇలాంటి కథ ఇక్కడ తీయాలంటే

తెలుగులోనో మరాఠీలోనో ఇలాంటి డార్క్ కామెడీ తీయాలనుకునేవాళ్లకు మొదటి అడ్డంకి ధైర్యం కాదు, కాగితాలు. 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల ప్రకారం సినిమాలో కుక్కను వాడాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. షూటింగ్‌కు ముందే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న జంతు సంక్షేమ బోర్డుకు చెప్పి అనుమతి తీసుకోవాలి. జంతువులను హింసించే దృశ్యాలు అనవసరంగా చూపకూడదని సెన్సార్ మార్గదర్శకాల్లోనూ ఉంది. ఈ నియమాల వల్ల సెట్లో జంతువులకు జరిగిన మేలు చిన్నది కాదు. వాటిని సడలించాలని ఎవరూ కోరాల్సిన పని లేదు.

కళ మీద పడే ప్రభావం మాత్రం ఒకటుంది. మన సినిమాల్లో గ్రాఫిక్స్ జంతువు కనిపించినప్పుడల్లా తెర మూల ‘సీజీఐ’ అన్న అక్షరాలు పడతాయి. ‘వీనర్ డాగ్’ చివరి సన్నివేశం బలమంతా ప్రేక్షకుడు ఆ క్షణంలో తప్పించుకోలేకపోవడంలో ఉంది. సరిగ్గా అప్పుడే ‘ఇది నిజం కాదు’ అని తెర మీద రాసి ఉంటే కన్ను అక్షరాల మీదికి పోతుంది, దెబ్బ సగం తగ్గుతుంది. కాబట్టి ఇక్కడి దర్శకుడు చావును చూపించే దారి వదిలి శబ్దంతోనో, యజమాని ముఖంతోనో పని జరిపించుకోవాలి. బ్రేకు చప్పుడు విని తల తిప్పిన మనిషి ముఖాన్ని పట్టుకోగల నటుడు దొరికితే ఆ దారి ఇంకా పదునుగా ఉండవచ్చు.

చూసేవాళ్ల వైపు నుంచి చేయాల్సింది చిన్నదే. అమెరికాలో ఈ సినిమాకు ఇచ్చింది ‘ఆర్’ రేటింగ్, అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు వెంట లేకుండా చూడకూడదు. మన ఓటీటీలు 2021 ఐటీ నిబంధనల కింద ప్రతి సినిమాకూ వయసు గుర్తు పెట్టాలి, పదమూడేళ్ల పైబడినవాళ్లకని గుర్తించినవాటికి తాళం వేసుకునే వీలూ ఇవ్వాలి. కుక్క బొమ్మ పక్కన ఉన్న ఆ చిన్న అంకెను చూస్తే సరిపోతుంది. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లు చూడదగ్గ సినిమా ఇది, నానమ్మ కూడా చూడొచ్చు.

కథ రాసేవాళ్లకు ఇక్కడ దొరికే ముడిసరుకు మాత్రం సొలాండ్జ్‌కు దొరకనిది. ఆయన కుక్క నాలుగిళ్లు మారడానికి కారు, దొంగతనం, ఇంటర్వెల్ కావాల్సి వచ్చాయి. సరిహద్దు ఊరి కుక్క ఒక్క పగటిపూటలో తెలుగు ఇల్లు, మరాఠీ ఇల్లు, ఉర్దూ మాట్లాడే ఇల్లు, రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం చుట్టి వస్తుంది. కోర్టు ఆదేశం అమలు చేయడానికి మున్సిపాలిటీ మనిషి రిజిస్టరు పట్టుకుని గల్లీలోకి వచ్చి, ఇది ఎవరి కుక్క, పేరు రాయించండి అని అడిగిన పూట అలాంటి కథ మొదలవుతుంది. నిన్నటిదాకా రొట్టె వేసిన నాలుగిళ్లవాళ్లూ తలుపు దగ్గరికి వస్తారు.